అమెరికా బంగారు సీమల ప్రైవేటు నాణేలు: ఎలా ఎంచుకోవాలి, ఎలా సరిచూసుకోవాలి

1848 జనవరి 24న కాలిఫోర్నియాలోని కొలోమా దగ్గర, సటర్ అనే ఆసామి కట్టిస్తున్న రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్ కంటికి బంగారు రేకులు కనబడ్డాయి. ఏడాది తిరిగేసరికి ఆ ప్రాంతం జనంతో కిక్కిరిసింది. ఎవరి సంచిలో చూసినా బంగారు రజను ఉండేది, కానీ ఇచ్చిపుచ్చుకోవడానికి నాణేలు ఉండేవి కావు. ప్రభుత్వ టంకశాలలన్నీ ఖండానికి తూర్పు, దక్షిణ దిక్కుల్లో ఉండేవి. దుకాణాల్లో రజనును చిటికెలతో కొలిచి సరుకు తీసుకునేవారు. ఓడల సుంకం వసూలు చేసే కార్యాలయమేమో నాణేలే తెమ్మనేది. అమెరికా రాజ్యాంగం రాష్ట్రాలు నాణేలు ముద్రించకూడదని నిషేధించింది గానీ, వ్యక్తుల మాట ఎత్తలేదు. ఆ వెసులుబాటులో కంసాలులు, గడియారపు డొప్పలు చేసేవారు, బ్యాంకర్లు, గని కంపెనీలవారు సొంత అచ్చులు చేయించుకుని, సొంత పేరు కొట్టుకుని బంగారు నాణేలు విడుదల చేశారు. 1864 జూన్ 8 నాటి చట్టంతో ఆ వెసులుబాటు పోయింది.

ఈ నాణేలను సేకరించాలనుకునేవారు మొదట ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ప్రభుత్వ నాణెం మీద బొమ్మ ఉంటే చాలు, దాన్ని జనం నమ్ముతారు. ప్రైవేటు నాణెం మీద మాత్రం ఒక మనిషి తన పేరు పెట్టి, "ఇందులో ఇంత బరువు, ఇన్ని వన్నెల బంగారం ఉంది" అని మాట ఇస్తాడు. ఆ మాట నిలిచిందా లేదా అన్నదే ఆ నాణెం కథ. దాని అరుదుతనానికీ ఈనాటి ధరకూ చాలాసార్లు కారణం కూడా అదే. అందుకే కింద చెప్పిన పద్ధతిలో, ఆ మాటను చదివి సరిచూడటం నేర్చుకునే భాగానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి అడుగు: ఒక సీమను ఎంచుకోండి

"ప్రైవేటు బంగారు నాణేలు" అని మొత్తంగా పట్టుకుంటే చేతికి అందవు. వీటిలో చాలా రకాలకు ప్రపంచం మొత్తం మీద మిగిలిన నాణేలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఒక ప్రాంతాన్నో, ఒక ముద్రాపకుణ్ణో ఎంచుకోవడం మంచిది. స్థూలంగా అయిదు సీమలున్నాయి. మొదటిది జార్జియా, ఉత్తర కరోలినా. కాలిఫోర్నియా కన్నా చాలా ముందే, 1830లో జార్జియాలో టెంపుల్‌టన్ రీడ్, 1831 నుంచి ఉత్తర కరోలినాలోని రూథర్‌ఫర్డ్‌టన్‌లో జర్మనీ నుంచి వచ్చిన బెక్ట్లర్ కుటుంబం నాణేలు కొట్టారు. రెండోది 1849 నుంచి 1855 దాకా కాలిఫోర్నియా. మూడోది 1849లో ఆరెగన్. నాలుగోది సాల్ట్ లేక్ సిటీలో స్థిరపడిన మోర్మన్లు అనే మతవర్గంవారి నాణేలు. అయిదోది 1860, 1861 సంవత్సరాల కొలరాడో. వీటికి తోడు, 1852 నుంచి 1882 వరకు కాలిఫోర్నియాలో తయారైన పావు డాలరు, అర డాలరు, ఒక డాలరు విలువగల బుల్లి బంగారు నాణేలు వేరే తరగతి.

కొత్తవారికి నా సలహా బెక్ట్లర్ల ఒక డాలరు నాణెంతో మొదలుపెట్టమని. అమెరికాలో ముద్రించిన తొలి బంగారు డాలరు బెక్ట్లర్లదే. ప్రభుత్వం బంగారు డాలరును 1849లో గాని తేలేదు. చరిత్ర అంత పెద్దదైనా, ఆగస్ట్ బెక్ట్లర్ పేరుతో ఉన్న రకం ఓపికగా వెతికితే దొరుకుతుంది. పైగా చదవడం నేర్చుకోవడానికి దానికి మించిన పలక లేదు.

రెండో అడుగు: నాణెం మీది లెక్కను చదవండి

ఆగస్ట్ బెక్ట్లర్ డాలరును అరచేతిలో పెట్టుకుంటే చొక్కా గుండీ కన్నా పెద్దది కాదు. పద్నాలుగు, పదిహేను గురివింద గింజల ఎత్తు ఉంటుంది. బొమ్మా లేదు, గద్దా లేదు, స్వేచ్ఛాదేవి తలా లేదు. ఒకవైపు ముద్రాపకుడి పేరు, డాలరు విలువ ఉంటాయి. రెండోవైపు "కరోలినా బంగారం" అన్న మాటలు, 27 గ్రెయిన్లు, 21 క్యారెట్లు అన్న రెండు అంకెలు ఉంటాయి. అక్షరాలు కొంచెం ఎగుడుదిగుడుగా, విడివిడి ముద్రలతో కొట్టినట్టు కనబడతాయి. పది రెట్లు పెద్దది చేసి చూపే కంసాలి భూతద్దం కింద అక్షరాల అంచులు నిటారుగా తెగి ఉండాలి; మైనంలా కరిగి జారినట్టుంటే అనుమానించాలి.

ఇక లెక్క. గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. 27 గ్రెయిన్లంటే సుమారు 1.75 గ్రాములు. అందులో 24 వంతుల్లో 21 వంతులు బంగారం, అంటే 23.6 గ్రెయిన్ల అసలు బంగారం. ప్రభుత్వం తర్వాత తెచ్చిన డాలరులో 23.22 గ్రెయిన్లు ఉండేది. అంటే బెక్ట్లర్ ఇచ్చిన మాట వీసమెత్తు మొగ్గుతోనే ఉంది.

అయిదు డాలర్ల నాణేల దగ్గర ఈ లెక్క ఇంకా అందంగా తేలుతుంది. బెక్ట్లర్ల అయిదు డాలర్ల నాణేల్లో 22 క్యారెట్లవి 128 గ్రెయిన్లు, 21 క్యారెట్లవి 134 గ్రెయిన్లు, 20 క్యారెట్లవి 140 గ్రెయిన్లు అని ముద్రించి ఉంటాయి. మూడూ వేర్వేరు బరువులు, వేర్వేరు గనుల బంగారం. కాగితం మీద హెచ్చవేసి చూడండి. మొదటిదానిలో 117.3, రెండోదానిలో 117.2, మూడోదానిలో 116.7 గ్రెయిన్ల అసలు బంగారం వస్తుంది. ఆనాటి ప్రభుత్వ అయిదు డాలర్ల నాణెంలో ఉన్నది 116. వన్నె తగ్గిన చోట బరువు పెంచి సరిపెట్టాడన్నమాట. 20 క్యారెట్ల నాణేల్లోనే 150 గ్రెయిన్లదీ ఒకటుంది. దానిలో 125 గ్రెయిన్ల బంగారం పడుతుంది. అది 1834కు ముందరి కొలత. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం నాణెంలో బంగారం పాలు తగ్గించింది. ఏది పాత కొలత, ఏది కొత్త కొలత అని జనం తికమక పడకుండా బెక్ట్లర్ తన కొన్ని నాణేల మీద "1834 ఆగస్టు 1" అని తేదీ వేశాడు. ఇలాంటి నాణెం మీ ముందుకొస్తే, ముందు ఈ గుణకారం చేసి, ఆ తర్వాత తక్కెడలో పెట్టి చూడండి. అరుగుదల వల్ల బరువు కొద్దిగా తగ్గవచ్చు. రాసిన దానికన్నా స్పష్టంగా ఎక్కువ తూగితే మాత్రం అది అసలైనది కాకపోవచ్చు.

మూడో అడుగు: మాట తప్పినవాటినీ, మాటకు మించినవాటినీ గుర్తుపట్టండి

జార్జియాలో రీడ్ పని కొద్ది నెలల్లోనే మూతపడింది. గని నుంచి వచ్చిన బంగారాన్ని అసలు వన్నె కన్నా మెరుగైనదిగా లెక్కవేసి నాణేలు కొట్టాడని, వాటిలో విలువకు తగ్గ బంగారం లేదని పేరు చెప్పని ఒకరు పత్రికకు ఉత్తరం రాశారు. ఆ మచ్చ మళ్లీ పోలేదు. నాణేలు కరిగిపోయాయి, మిగిలినవి ఇప్పుడు సామాన్యులకు అందవు.

శాన్ ఫ్రాన్సిస్కోలో బాల్డ్విన్ కంపెనీ కథ కూడా అలాంటిదే. 1850 నాటి వారి పది డాలర్ల నాణెం మీద తాడు విసురుతున్న గుర్రపు రౌతు ఉంటాడు. మొత్తం ఈ వరుసలో దాని అందానికి సాటి వచ్చేది లేదని నా అభిప్రాయం. 1851లో జేమ్స్ కింగ్ ఆఫ్ విలియం అనే బ్యాంకరు వారి నాణేలను పరీక్షకు పంపితే, ఇరవై డాలర్ల నాణెంలో 19 డాలర్ల 40 సెంట్ల బంగారమే తేలింది. నూటికి మూడు తక్కువ. పత్రికలు గగ్గోలు పెట్టాయి, జనం ఆ నాణేలను వదిలించుకున్నారు, కంపెనీవారు ఊరు విడిచారు. నాణేలు మూసల్లోకి వెళ్లాయి. ఈ రోజు ఆ గుర్రపు రౌతు నాణెం ధరకు కారణం ఆ నూటికి మూడే.

సాల్ట్ లేక్ సిటీ నాణేల మీద "స్వచ్ఛమైన బంగారం" అనే అర్థమిచ్చే పొడి అక్షరాలు ఉన్నాయి. నిజానికి అది శుద్ధి చేయని కాలిఫోర్నియా బంగారం. నాణెంలో ముఖవిలువకు పదోవంతుకు పైగా తక్కువ పడటంతో బయటి ఊళ్లలో వాటిని తగ్గించి గాని తీసుకునేవారు కారు. దీనికి తలకిందులు ఆరెగన్ నాణేల కథ. ఆరెగన్ సిటీలో 1849లో కొట్టిన, బీవరు బొమ్మ ఉన్న అయిదు, పది డాలర్ల నాణేలు సుమారు 6,000, 2,850 చొప్పున తయారయ్యాయి. ఏ మిశ్రమమూ కలపని సహజ బంగారం కావడంతో, ముఖవిలువ కన్నా ఎక్కువ బంగారం ఉందన్న పేరు వాటికి వచ్చింది. ఆ పేరే వాటిని కరిగించింది. తక్కువ తూగినదీ మూసలోకే పోయింది, ఎక్కువ తూగినదీ మూసలోకే పోయింది. కొనేముందు "ఇది ఎందుకు మిగిలింది?" అని ప్రతి నాణెం విషయంలోనూ అడగండి. ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే అమ్మకందారు చెప్పే "అరుదు" అన్న మాటను మీరే తూచగలరు.

నాలుగో అడుగు: పెద్ద నాణేన్ని దగ్గరగా చూడటం నేర్చుకోండి

కాలిఫోర్నియా అనగానే అందరి మనసులో మెదిలేది ఎనిమిది మూలల యాభై డాలర్ల నాణెం. న్యూయార్క్‌లో గడియారపు డొప్పలు చేసే అగస్టస్ హంబర్ట్‌ను కేంద్ర ప్రభుత్వం బంగారు పరీక్షాధికారిగా నియమిస్తే, ఆయన 1851 ఆరంభంలో శాన్ ఫ్రాన్సిస్కో చేరి, మొఫాట్ అనే ప్రైవేటు కంపెనీతో కలిసి వీటిని ముద్రించాడు. కాబట్టి ఇవి పూర్తిగా ప్రైవేటూ కావు, పూర్తిగా ప్రభుత్వానివీ కావు. 84, 85 గ్రాముల బరువు. మన పాత తులం లెక్కన ఏడు తులాలకు పైమాట. చేతిలో పెట్టగానే ఆ బరువు ఆశ్చర్యపరుస్తుంది.

బొమ్మ వైపు గద్ద, దానిపై రిబ్బన్‌లో 880 లేదా 887 అని వెయ్యికి ఇన్ని పాళ్లు బంగారమన్న అంకె ఉంటుంది. బొరుసు వైపు బొమ్మ ఉండదు. గడియారపు డొప్పల మీద చెక్కే మాదిరి సన్నని వలయాల అల్లిక ఉంటుంది. హంబర్ట్ పాత వృత్తి అక్కడ కనబడుతుంది. ఆ అల్లిక అలంకారం మాత్రమే కాదు: ఎవరైనా ఆకురాయితో కాస్త బంగారం గీకితే గీతలు తెగి వెంటనే తెలిసిపోతుంది. తొలి నాణేలకు ఎనిమిది అంచుల మీదా హంబర్ట్ పేరు, హోదా, సంవత్సరం అక్షరాలుగా ఉంటాయి. తర్వాతివాటికి అంచున గీతలే ఉంటాయి. మీరు చూడవలసింది ముఖ్యంగా ఆ ఎనిమిది మూలలు. ఇంత బరువైన మెత్తని లోహం ఒక్కసారి కింద పడినా మూల నొక్కుకుపోతుంది. మూలలను సుత్తితో, ఆకురాయితో "బాగుచేసిన" నాణేలు చాలా ఉన్నాయి. సహజంగా దెబ్బతిన్న మూలను నేను క్షమిస్తాను, దిద్దిన మూలను క్షమించను.

వీటి తర్వాత వాస్ మోలిటర్, కెలాగ్ కంపెనీల నాణేలు వచ్చాయి. 1854 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ టంకశాల తెరవడంతో ఆ అవసరమూ మెల్లగా తీరింది. కొలరాడోలో క్లార్క్, గ్రూబర్ కంపెనీ డెన్వర్‌లో 1860 జూలైలో ముద్రణ మొదలుపెట్టింది. తర్వాత వారి భవనాన్ని, పరికరాలను ప్రభుత్వమే 25,000 డాలర్లకు కొనుక్కుంది. నిజాయితీగా పనిచేసిన కంపెనీకి దక్కిన ముగింపు అది.

అయిదో అడుగు: నకిలీలను వడకట్టండి

మొదట బుల్లి నాణేల సంగతి. పావు డాలరు, అర డాలరు పేరుతో సంతల్లో కనబడే వాటిలో అధికభాగం తర్వాతి కాలపు జ్ఞాపిక బిళ్లలు. అసలువాటి మీద విలువ సెంట్లలోనో డాలరు పాళ్లలోనో రాసి ఉంటుంది. విలువ రాయకుండా వెనకవైపు ఎలుగుబంటి బొమ్మ ఉంటే అది దాదాపు ఎప్పుడూ జ్ఞాపిక బిళ్లే, చాలావరకు బంగారం కూడా కాదు.

పెద్ద నాణేలకు పోత నకిలీలు, అచ్చు నకిలీలు రెండూ ఉన్నాయి. పోతపోసినవాటికి నేల భాగంలో, అంటే బొమ్మా అక్షరాలూ లేని సాదా చోట, సూది మొనంత గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనబడతాయి. 1973 చట్టం ప్రకారం అమెరికాలో చేసే నకళ్ల మీద "కాపీ" అన్న మాట ముద్రించాలి. ఆ మాటను గీకి తీసేసినచోట నేల నునుపుగా, పల్లంగా ఉంటుంది. కెలాగ్ యాభై డాలర్ల నాణెం విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. 1857 సెప్టెంబరులో తుఫానులో మునిగిన సెంట్రల్ అమెరికా అనే ఓడ నుంచి వెలికితీసిన బంగారంతో 2001లో దాని రూపంలోనే కొత్త నాణేలు ముద్రించారు. అవి నిజాయితీగా గుర్తులు వేసి అమ్మినవే, బంగారమూ అసలుదే. కాకపోతే అవి 1855 నాటివి కావు. పరీక్షాధికారుల పేర్లతో 1950ల తర్వాత మార్కెట్లోకి వచ్చిన పాత బంగారు కడ్డీలలో కొన్నింటి అసలుతనం మీద నిపుణుల మధ్య పెద్ద తగాదాయే నడిచింది. ఎక్కడ దొరికిందో చరిత్ర లేని కడ్డీని కొత్తవారు ముట్టకపోవడమే మేలు.

ఇంట్లో చేయగల పరీక్ష నీటి తూకం. నాణేన్ని గాలిలో తూచి, సన్నని దారంతో నీటిలో వేలాడదీసి మళ్లీ తూచి, తగ్గిన బరువుతో మొదటి బరువును భాగించండి. 22 క్యారెట్ల బంగారానికి 17.6 నుంచి 18 వరకు, 20 క్యారెట్లకు 16.2 నుంచి 17 వరకు రావాలి. 9, 11 దగ్గర తేలితే లోపల రాగో సీసమో ఉందన్నమాట. ఒక డాలరు నాణెం నీటిలో కోల్పోయే బరువు గ్రాములో పదోవంతే కాబట్టి, దానికి మిల్లీగ్రాములు చూపే తక్కెడ కావాలి. మన అలవాటు ప్రకారం గీటురాయి మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ గీయకండి. ఒక్క గీతతో నాణెం విలువలో పెద్ద భాగం పోతుంది.

ఆరో అడుగు: కొనుగోలు

తొలి కొన్నేళ్లు పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ అనే నాణేల పరీక్షా సంస్థలు పరీక్షించి, గ్రేడు (నాణెం స్థితికి ఇచ్చే అంకె) వేసి మూసిన ప్లాస్టిక్ పెట్టెల్లో ఉన్నవాటినే కొనండి. పెట్టెలకూ నకిలీలున్నాయి గనుక, చీటీ మీది సంఖ్యను ఆ సంస్థల వెబ్‌సైటులో వెతికి, ఫొటో ఉంటే నాణెం మీది గీతలతో సహా పోల్చండి. చీటీ మీద ఉండే కాగిన్ సంఖ్య, అంటే కాగిన్ అనే నిపుణుడు ఈ నాణేల జాబితాలో ఒక్కో రకానికి ఇచ్చిన సంఖ్య, అది ఏ రకమో చెబుతుంది. అదే సంఖ్యతో పెద్ద వేలం సంస్థల పాత అమ్మకాలను వెతికితే ధరలూ ఫొటోలూ ఉచితంగా దొరుకుతాయి. కనీసం పది పాత అమ్మకాలు చూడనిదే ధర మాట్లాడకండి.

బుల్లి నాణేలు కొన్ని వందల డాలర్లకు, బెక్ట్లర్ డాలర్లు వేలల్లో, హంబర్ట్ యాభై డాలర్ల నాణేలు పదివేలు దాటి ఎంతో పైకి ఉంటాయి. వేలంలో పాడిన మొత్తం మీద కొనుగోలుదారు రుసుము ఇరవై శాతం పైచిలుకు పడటం మామూలు. దాన్ని కలుపుకునే పాట పాడాలి.

నా మొదటి బెక్ట్లర్ డాలరును ఒక నాణేల ప్రదర్శనలో, పెట్టె లేకుండా, విడిగా కొన్నాను. రెండు వైపులా భూతద్దంతో చూశాను గానీ అంచు తిప్పి చూడలేదు. పరీక్షకు పంపితే, అసలుదే గానీ ఒకప్పుడు ఆభరణానికి అతికించి తీసినది అని రాసి, గ్రేడు ఇవ్వకుండా తిప్పి పంపారు. మన కాసుల పేరులో కాసుకు కొక్కెం అతికినట్టే అక్కడివారూ నాణేలను లాకెట్లుగా, గుండీలుగా చేసుకునేవారు. అంచున పన్నెండు గంటల స్థానంలో గోధుమగింజంత చోట లోహం రంగు వేరుగా, కొద్దిగా ఉబ్బుగా ఉంది. ఇప్పుడు ఏ నాణేన్నైనా ముందు అంచు చుట్టూ తిప్పి చూసిన తర్వాతే ముఖం చూస్తాను. మీరూ అదే అలవాటు చేసుకోండి. కడిగి తోమిన నాణేన్ని గుర్తుపట్టడానికి దీపం కింద మెల్లగా వంచండి. సహజమైన మెరుపు చక్రంలా తిరుగుతుంది. తోమినదానిపై ఒకే దిక్కున సన్నని గీతలు కనబడతాయి.

కొనకుండా చూడటం కూడా సేకరణలో భాగమే. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ జాతీయ నాణేల భాండాగారం, కొలరాడో స్ప్రింగ్స్‌లో అమెరికన్ నాణేల సంఘం వారి మ్యూజియం ఇందుకు తగిన చోట్లు. కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువారికి కొలోమా చాలా దగ్గర. శాక్రమెంటో నుంచి గంట ప్రయాణం. మార్షల్‌కు బంగారం దొరికిన ఆ నది ఒడ్డున కాసేపు నిలబడితే చాలా సంగతులు తేటపడతాయి.

ఏడో అడుగు: భద్రత, పన్ను, సరిహద్దు

నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తండి, ఎప్పుడూ కడగకండి, పీవీసీ ఉన్న మెత్తని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టకండి. ఇంటి బీమాలో నాణేలకు పరిమితి చిన్నదిగా ఉంటుంది గనుక విడిగా బీమా తీసుకుని, బ్యాంకు లాకరులో పెట్టండి. అమెరికాలో పన్ను కట్టేవారు ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే, సేకరణ వస్తువుల లాభం మీద పన్ను రేటు 28 శాతం వరకు ఉండవచ్చు. కాబట్టి కొన్న రసీదు పోగొట్టుకోకూడదు.

ఇండియాకు తేవాలనుకునేవారు మరీ ఆలోచించాలి. బంగారం కాబట్టి కస్టమ్స్ నిబంధనలు, సుంకం వర్తిస్తాయి. ప్రయాణానికి ముందే కస్టమ్స్ వారిని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అంతకన్నా పెద్ద చిక్కు 1972 నాటి పురాతన వస్తువుల చట్టం. నూరేళ్లు దాటిన నాణెం దాని కింద పురాతన వస్తువు అవుతుంది, అలాంటివాటిని దేశం దాటించే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు. అంటే వీటికి అసలైన మార్కెట్టు అమెరికాలో ఉండగా, మీ నాణెం హైదరాబాదులోనో విజయవాడలోనో చిక్కుకుపోవచ్చు. అమెరికాలో కొన్నదాన్ని అమెరికాలోనే ఉంచమని నా సలహా.

ప్రతి నాణేనికీ ఒక కాగితం రాసిపెట్టండి: ముద్రాపకుడు, ఊరు, సంవత్సరం, కాగిన్ సంఖ్య, మీరు తూచిన బరువు, పెట్టె మీది సంఖ్య, ఎవరి దగ్గర ఎంతకు కొన్నారు, అంతకుముందు ఏ సేకరణలో ఉండేది. రెండు వైపులా, అంచునూ ఫొటో తీసి జతచేయండి. ఆ కాగితం ఒక ప్రతి లాకరులో, ఇంకొకటి ఇంట్లో ఉండాలి. మీ తర్వాత ఆ పెట్టె తెరిచేవారు బంగారం దుకాణానికి తీసుకెళ్లి గ్రాముల లెక్కన అమ్మేయకుండా, ఎవరిని సంప్రదించాలో అందులోనే తెలుగులో ఒక వాక్యం రాయండి.